పెంచని ఆంప్లిఫైయర్

మా ఇంట్లో వాల్వుల రికార్డ్ ప్లేయర్ మూలపడ్డాక, దాని పెట్టెలోనే ఒక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ బిగించమన్నారు నాన్న. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. బిగించాను. ఘంటసాల పాట పెట్టుకుని రెండు నిమిషాలు విని, "గొంతేదిరా? ముక్కొక్కటే వినిపిస్తోంది!" అన్నారు.

తప్పు నా టంకంలో ఉందనుకున్నాను. కాదు, చరిత్రలో ఉంది.

క్రిస్టల్ పికప్ వాల్వుల కాలపు మనిషి. విద్యుత్తు లెక్కలో అదొక చిన్న కెపాసిటరు, ఇంచుమించు 1000 పికోఫారడ్లు. వాల్వు గ్రిడ్ వోల్టేజీని చూస్తుందే గాని దాదాపు కరెంటు అడగదు కాబట్టి, 10 లక్షల ఓమ్‌ల ముందు పికప్ హాయిగా 160 హెర్ట్జ్ దాకా దిగి పాడేది. ట్రాన్సిస్టర్‌కి మాత్రం బేస్‌లోకి కరెంటు పారాలి. నేను బిగించినదాని ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌లు. అంటే 16 వేల హెర్ట్జ్ కింద ఉన్నదంతా జారుడుబల్ల మీదే!

వాల్వులున్న రోజుల్లోనే ఇంకోరకం ఇబ్బందికి, అంటే పొడుగాటి కేబుల్ లాంటి బరువును మోయడానికి, ఒక ఉపాయం ఉండేది. ఇ.ఎమ్.ఐ. ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లైన్ 1934లో పేటెంటు కోరిన కాథోడ్ ఫాలోయర్. (స్టీరియో రికార్డింగుకి 1931లో పేటెంటు కోరిందీ ఈయనే. 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి, 38 ఏళ్ళకే పోయాడు.) 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్‌ల ట్రాన్సిస్టర్ పనిచేశాక, ఆ పాత ఉపాయమే ఎమిటర్ ఫాలోయర్‌గా మళ్ళీ పుట్టింది. బేస్ ఎటు నడిస్తే ఎమిటర్ అటే, 0.6 వోల్టుల వెనకగా. వోల్టేజీ పిసరంత కూడా పెరగదు, నిజానికి కాస్త తగ్గుతుంది. పెరిగేది మోసే శక్తి.

లెక్క వేశాను. 9 వోల్టుల బ్యాటరీ, బీసీ109. ఎమిటర్ సగంలో, 4.5 దగ్గర నిలబడాలి. ఒక మిల్లీ ఆంపియర్ చాలనుకుంటే ఎమిటర్ కింద 4.7 కిలో ఓమ్‌లు. బేస్ 5.1 దగ్గరుండాలి కనక పైన 68, కింద 100 కిలో ఓమ్‌లు. బిగించి వింటే ముక్కు కొంచెం తగ్గింది, అంతే. ట్రాన్సిస్టర్ తనవంతుగా 10 లక్షలు ఇస్తూనే ఉంది. బేస్‌ని నిలబెట్టడానికి నేను పెట్టిన రెండు రెసిస్టర్లూ కలిసి 40 వేలై, ఆ లాభాన్ని తినేస్తున్నాయి. కంచె చేను మేయడమంటే ఇదే.

దీనికి విరుగుడు బూట్‌స్ట్రాపింగ్. ఆ రెండు రెసిస్టర్ల కూడలిని బేస్‌కి నేరుగా కాక ఇంకో 100 కిలో ఓమ్‌ల ద్వారా కలిపి, ఎమిటర్ నుంచి ఒక కెపాసిటర్‌తో ఆ కూడలినీ ఊపాలి. అప్పుడు ఆ కొత్త రెసిస్టర్ రెండు కొసలూ ఒకేలా కదులుతాయి, దాంట్లో సిగ్నల్ కరెంటు దాదాపు పారదు. తన జుట్టు తానే పట్టుకుని పైకి లేచినట్టు. పుస్తకంలో చదివినప్పుడు ఇదేదో గారడీ అనిపించింది నాకు.

అదనంగా పట్టినవి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. మళ్ళీ అదే పాట పెట్టాను. నాన్న ఏమీ అనలేదు. అయిపోయాక లేచి, రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టారు.