పాఠశాలలలో బాలల మానసిక ఆరోగ్యం

పాఠశాలలలో బాలల మానసిక ఆరోగ్యం అనగా విద్యార్థుల మనఃస్థితిని గమనించి, అవసరమైనపుడు వారికి సహాయం అందేటట్లు పాఠశాల చేసే ఏర్పాటు. పిల్లలు పగటివేళ ఎక్కువ భాగం బడిలోనే గడుపుతారు. కావున వారిలో వచ్చే మార్పును తొలుత గుర్తించే అవకాశం చాలాసార్లు ఉపాధ్యాయులకే ఉంటుంది.

అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుండి 19 సంవత్సరాల వయసు గలవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. భారతదేశంలో నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13-17 సంవత్సరాల వారిలో ఇది సుమారు 7 శాతంగా తేలింది.

లక్షణాలు

తరచుగా బడి మానడం, హఠాత్తుగా మార్కులు తగ్గడం, స్నేహితులకు దూరం కావడం, అకారణమైన కోపం, కారణం తెలియని కడుపునొప్పి లేదా తలనొప్పి, నిద్రలేమి మరియు చావు గురించిన మాటలు ముఖ్యమైనవి. ఇవి కొన్ని వారాలపాటు కొనసాగితే శ్రద్ధ వహించాలి. చావు మాట మాత్రం ఒక్కసారి వినిపించినా ఉపేక్షించరాదు.

ఉపాధ్యాయుల పాత్ర

వ్యాధి నిర్ధారణ, చికిత్స ఉపాధ్యాయుల పని కాదు. గమనించుట, వినుట, తగినవారి వద్దకు చేర్చుట వారి బాధ్యత. విద్యార్థితో తరగతి ఎదుట కాక విడిగా మాట్లాడాలి. మందలింపు, ఇతరులతో పోలిక పనికిరావు. ఆత్మహత్య ఆలోచన ఉన్నదా అని సూటిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రమాదం ఉన్నదని తోచినపుడు విద్యార్థిని ఒంటరిగా వదలక, తల్లిదండ్రులకు మరియు వైద్యులకు తెలియజేయాలి. అటువంటి సమయంలో రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వరాదు.

చట్టాలు, పథకాలు

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడి నుండి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. అదే సంవత్సరం కేంద్ర విద్యాశాఖ విద్యార్థుల కొరకు మనోదర్పణ్ ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ (ఫోను: 14416) తెలుగులో కూడా ఉచితంగా సలహాలు ఇస్తుంది.

సుప్రీంకోర్టు మార్గదర్శకాలు

2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిలో ముఖ్యమైనవి:

* 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలరు ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణుల సహాయం పొందాలి.
* మార్కులనుబట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచ్‌లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు.
* సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.
* సహాయ ఫోను నంబర్లు తరగతి గదులలో, హాస్టళ్ళలో స్పష్టంగా కనిపించాలి.

వీటిలో బ్యాచ్‌ల విభజన, బహిరంగ అవమానం మానుటకు ప్రత్యేక నిధులు గాని నిపుణులు గాని అవసరం లేదు. కౌన్సిలరు లేని చిన్న బడిలో కూడా వీటిని వెంటనే పాటించవచ్చును.