ఆటలోని యుద్ధం, పాటలోని యుద్ధం

సంగంలో పెన్న మీది కొత్త బ్యారేజి 2022లో తెరిచిన నాటినుంచి, సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడల్లా సాయంత్రం పూట మా మేనల్లుడూ నేనూ అటు నడిచి వెళ్ళడం అలవాటయింది. వాడి చేతిలో ఎప్పుడూ ఒకే జాతి నవలలు కనిపిస్తాయి. 'వార్‌హామర్ 40,000' అనే ఆట చుట్టూ అల్లిన యుద్ధ నవలలవి. వాడి పోరు పడలేక నేనూ ఆరేడు చదివాను. చదివిన నాటినుంచి మా ఇద్దరికీ తగవే. పుస్తకాల బాగోగుల మీద కాదు, చదివేవాడు ఎవరి పక్షాన నిలబడాలన్న దాని మీద.

ఆ ఆట 1987లో ఇంగ్లండులో పుట్టింది. రూపకర్త రిక్ ప్రీస్ట్లీ, ప్రచురించింది గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ. రంగులు పూసిన చిన్న చిన్న సైనికుల బొమ్మలను బల్ల మీద మోహరించి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి ఆడతారు. బొమ్మలు పోరాడుకోవాలంటే ఎడతెగని యుద్ధం ఒకటి కావాలి కదా, అందుకోసం ఒక లోకాన్నే కల్పించారు. నలభై వేల ఏళ్ళ తరువాతి కాలం. నక్షత్రాల మధ్య విస్తరించిన మానవ సామ్రాజ్యం. చక్రవర్తి పదివేల ఏళ్ళుగా బంగారు సింహాసనం మీద చావూ బతుకూ కాని స్థితిలో పడి ఉంటాడు. అతన్ని నిలబెట్టడానికి రోజుకు వెయ్యిమంది బలి అవుతుంటారు. ప్రశ్నించడమే అక్కడ పాపం. తొలినాళ్ళలో ఇందులో వెక్కిరింత పాలు ఎక్కువ. రానురాను వెక్కిరింత పలచబడి గాంభీర్యం చిక్కబడిందని పాత పాఠకులు వాపోతారు. నాకూ అది నిజమే అనిపించింది.

నవలలు 1990 ప్రాంతంలోనే మొదలయ్యాయి. ఇయాన్ వాట్సన్ రాసినవి అప్పటివి. 1997లో బ్లాక్ లైబ్రరీ అనే ప్రచురణ విభాగం ఏర్పడ్డాక వరద కట్టాయి. అందులో పాఠకులు నెత్తిన పెట్టుకున్న రచయిత డాన్ అబ్నెట్. 1999లో వచ్చిన 'ఫస్ట్ అండ్ ఓన్లీ'తో గాంట్ అనే అధికారి కథ మొదలవుతుంది. అతని పటాలం వాళ్ళ గ్రహం పేరు టానిత్. సైన్యంలో చేరిన రోజునే ఆ గ్రహం నాశనమైపోతుంది. ఇక తిరిగి వెళ్ళడానికి ఊరు లేని సిపాయిలు వాళ్ళు. ఆ పటాలాన్ని చదువుతూ నేను రెండు రాత్రులు నిద్ర మానుకున్న మాట నిజం. 2006లో మొదలైన 'హోరస్ హెరెసీ' వరుస మాత్రం యాభై పుస్తకాలు దాటిపోయి, ముగింపు ఒక్కటే మూడు సంపుటాలై 2024లో గాని తెమలలేదు. ఇనుప కవచాల మహాకాయులు ఒకరినొకరు నరుక్కుంటుంటే నాకు ఆవులింతలు వచ్చాయి. మా వాడు ఈ మాట ఒప్పుకోడు.

అసలు తగవు గాంట్ దగ్గరే మొదలయింది. అతను దళపతే కాక కమిసార్ కూడా. అంటే వెనుదిరిగిన సిపాయిని అక్కడికక్కడే కాల్చే అధికారం ఉన్నవాడు. "మామయ్యా, గాంట్ మంచివాడు, ఊరికే కాల్చడు" అంటాడు వీడు. మంచివాడి చేతిలో పెట్టి చూపితే ఆ తుపాకి కూడా ముచ్చటగా కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉందంటాను నేను. ఈ తగవు మా ఇంటిది మాత్రమే కాదు. ఆ లోకాన్ని హెచ్చరికగా చదివేవాళ్ళూ ఉన్నారు, ఆదర్శంగా చదివేవాళ్ళూ ఉన్నారు. స్పెయిన్‌లో జరిగిన ఒక పోటీకి ఒకడు నాజీ చిహ్నాలు తొడుక్కుని వచ్చాక, 2021 నవంబరులో గేమ్స్ వర్క్‌షాప్ వారే ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. తాము చూపిన సామ్రాజ్యం వ్యంగ్యమనీ, అనుసరించదగినది కాదనీ దాని సారాంశం. రచయిత వచ్చి నేను వ్యంగ్యంగా అన్నానని చెప్పుకోవలసిన స్థితి ఏ రచనకైనా ఇబ్బందే.

ఈ గొడవలో ఉండగా నాకు మా చిన్నతనపు కథ ఒకటి గుర్తుకు వచ్చింది. మా పడమటి నెల్లూరు సీమకు సొంత యుద్ధకథ ఉంది. అది కాటమరాజు కథ. పదమూడో శతాబ్దపు సంగతిగా చరిత్రకారులు చెబుతారు. కరువొచ్చి, కాటమరాజు తన ఆలమందలను తోలుకుని నెల్లూరు చోడుల బీళ్ళకు వస్తాడు. పచ్చికకు బదులుగా పుల్లరి చెల్లించాలని రాజు నల్లసిద్ధితో ఒడంబడిక. తరువాత రాజు వైపువాళ్ళు ఆవులను చంపారని యాదవులు పుల్లరి ఎగ్గొడతారు. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధం. ఉదయగిరికి ఉత్తరాన ఉన్న ఆ కనిగిరి సీమ 1970 దాకా నెల్లూరు జిల్లాలోదే. గడ్డి కోసం మొదలైన తగాదాలో రెండు వైపులా వీరులు కూలిపోయారు. పల్నాటిలో కోడిపందెం, భారతంలో జూదం. మన యుద్ధాలు కూడా చాలావరకు ఆట దగ్గరే మొదలవుతాయి, ఇది మటుకు మేత దగ్గర మొదలయింది.

యాదవులకు ఈ కథ చెప్పేవాళ్ళు కొమ్మువారు. ఊరిలో కథ చెప్పినప్పుడు విన్నవాళ్ళు రెండు జట్లుగా చీలేవారు. పశువులున్న గొల్ల ఇళ్ళవాళ్ళకు కాటమరాజు దైవంతో సమానం. మా ఇంట్లో మాత్రం మా అవ్వ ఖడ్గతిక్కన పక్షం. కవి తిక్కన సోమయాజికి దాయాది అయిన ఖడ్గతిక్కన నెల్లూరు సేనాని. యుద్ధంలో సేన నష్టపోయి ఇంటికి తిరిగి వస్తే భార్య చానమ్మ స్నానానికి మంచం చాటు కట్టి, పసుపు ముద్ద పెట్టిందట, ఆడవాళ్ళకు పెట్టినట్లు. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, సేన విరిగినట్లే పాలూ విరిగాయన్నదట. అతను మళ్ళీ వెళ్ళాడు, తిరిగి రాలేదు. మా అవ్వ ఈ ఘట్టం చెబుతూ కన్నీళ్ళు పెట్టుకునేది. గర్వంతో. మేమూ గర్వపడ్డాం.

ఇన్నేళ్ళకు, గాంట్ చేతి తుపాకిని తప్పు పడుతున్న సమయంలో, ఆ పసుపు ముద్ద కళ్ళముందుకు వచ్చి నిలబడింది. అతను ఒంటరిగా పారిపోయి రాలేదు, ఓడిన సేనకు మరింత బలం కూర్చుకోవడానికే వచ్చాడని కూడా చెబుతారు. అలాంటివాణ్ణి చావుకు పంపింది శత్రువు కాదు, ఇల్లు. కమిసార్ పని వంటింట్లోనే జరిగిపోయింది. ఇంగ్లండువాడి నవలలో అది చీకటి లోకపు లక్షణం. మనకది పౌరుషం.

బ్యారేజి మీద ఈ మాటే వాడితో అన్నాను. వాడు కాసేపు నీళ్ళ వైపు చూసి, "అయితే అవ్వ చెప్పింది తప్పంటావా మామయ్యా?" అని అడిగాడు. తప్పు అనడానికి నోరు రాలేదు. నా ఇద్దరు అన్నదమ్ములు కువైట్‌లో కూలిపని వదిలి మధ్యలోనే తిరిగొచ్చినప్పుడు, ఆమె వాళ్ళతో ఎన్ని నెలలు ముభావంగా ఉందో నాకు తెలుసు. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

"కాటమరాజు వైపువాళ్ళు ఈ పసుపు సంగతి ఎట్లా చెబుతారు?" అని తరువాత అడిగాడు. నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు. వచ్చే సెలవుల్లో తంగిరాల వెంకట సుబ్బారావుగారు సేకరించిన కాటమరాజు కథల సంపుటాలు తెస్తానన్నాను. వాడు గాంట్ తరువాతి భాగం ఇస్తానన్నాడు. చీకటి పడుతుంటే ఇంటి దారి పట్టాం.