కోరంటి దవాఖాన మందు, ఆకుల పచ్చదనం: టోపోఐసోమరేజ్ కథ

అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే మనోళ్లకు జ్వరమొస్తే పోయేది నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కే. పాతోళ్లు దాన్ని కోరంటి దవాఖాన అంటరు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్ల కోరంటి అయింది. బోర్డు మీద పేరు మాత్రం సర్ రోనాల్డ్ రాస్‌ది, 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ కడుపుల మలేరియా క్రిమిని చూసినాయన.

మన కథ కూడా మలేరియా దగ్గరనే మొదలైంది. 1934లో జర్మనీ బేయర్ కంపెనీలో క్లోరోక్విన్ పుట్టింది. తర్వాత అమెరికాలో ఆ మందు తయారీలో పక్కకు మిగిలిన ఒక పదార్థాన్ని పట్టుకొని జార్జ్ లెషర్ బృందం 1962లో నాలిడిక్సిక్ ఆమ్లాన్ని తెచ్చింది. బ్యాక్టీరియాను ఆపుతది, కానీ ఎట్ల ఆపుతదో చానా ఏండ్లు తేలలేదు.

రెండు పేటల తాడును నడుమ నుంచి విప్పి లాగి చూడుండ్రి. ముందటి భాగంలో మెలికలు బిగుసుకపోతయి. కణం డీఎన్ఏను నకలు తీసేటప్పుడు అచ్చం అదే ఇబ్బంది. తాడును కోసి, మెలిక వదిలించి, మళ్లీ అతికించే ఎంజైములే టోపోఐసోమరేజ్‌లు. మొదటిదాన్ని 1971లో జేమ్స్ వాంగ్ బయటపెట్టిండు. 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందం బ్యాక్టీరియాలో గైరేజ్‌ను కనిపెట్టింది. నాలిడిక్సిక్ ఆమ్లం పట్టుకునేది దాన్నేనని మరుసటేడే తేలింది. ఆ మందు వంశంలోదే సిప్రోఫ్లాక్సాసిన్. టైఫాయిడ్‌కు ఏండ్లకేండ్లు అదే రాసిండ్రు. చివరికి టైఫాయిడ్ క్రిమి తన గైరేజ్‌నే కొంచెం మార్చుకొని తప్పించుకుంది.

మొక్కల సంగతికొస్తే, అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క మీద చానా పని జరిగింది. టోపోఐసోమరేజ్-1 జన్యువు ఒకటి చెడితే కొమ్మ మీద ఆకులు, పూలు వచ్చే వరుస తప్పుతది. టోపోఐసోమరేజ్-6 చెడితే మొక్క మరుగుజ్జు అయితది, ఎందుకంటే కణాలు డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటూ పెద్దగ పెరగలేవు. ఈ సంగతులు 2002లో వచ్చినయి.

నాకు అన్నిటికంటె వింతనిపించింది 2004 నాటిది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్లు మొక్కల హరితరేణువుల్లో, మైటోకాండ్రియాలో కూడా గైరేజ్ ఉందని చూపిండ్రు. హరితరేణువు పూర్వం స్వేచ్ఛగ బతికిన బ్యాక్టీరియానే కదా, పుట్టింటి సొమ్ము వదలలేదన్నట్టు. గైరేజ్-ఏ జన్యువు పూర్తిగ లేకుంటే విత్తనం లోపలి పిండమే బతకదు. అంటే జ్వరం మాత్ర మొక్కను కూడా తాకుతది.

ఇది పుస్తకాల ముచ్చట కాదు. స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీళ్లను పరీక్షించి, 2007లో ఆ ఫలితాలు ప్రచురించిండ్రు. అది అప్పట్ల దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే చోటు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటె కూడా అది ఎక్కువ! చెరువుల మీద తేలే డక్‌వీడ్ లాంటి చిన్న మొక్కల పెరుగుదల ఇంతకంటె ఎంతో తక్కువ మోతాదుకే కుంటుపడుతది. కంపెనీలు అమ్మిన మాత్రల లెక్క రాసుకున్నయి గానీ వాగుల్ల పోసినదాని లెక్క బయటోళ్లు వచ్చి తీయాల్సి వచ్చింది. తర్వాత పటాన్‌చెరు నీళ్లను పైపులేసి అంబర్‌పేట మురుగునీటి కేంద్రానికి మళ్లించిండ్రు. అంబర్‌పేట నుంచి నీళ్లు పోయేది మూసీలకే.