పాన్‌గల్ సంధి (1790)

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్‌పై యుద్ధం కోసం హైదరాబాద్ నిజాం, ఈస్టిండియా కంపెనీ 1790 జూలై 4న చేసుకున్న ఒడంబడిక. ఈ పాన్‌గల్ నేటి వనపర్తి జిల్లాలోది. నల్లగొండ పక్కనున్న పానగల్లు వేరు. కృష్ణకు ఉత్తరాన, ఒకప్పటి నాగర్‌కర్నూల్ తాలూకాలోని ఈ కొండకోట దగ్గర నిజాం అలీ ఖాన్ అప్పుడు విడిది చేసి ఉన్నాడు.

1789 డిసెంబరులో టిప్పు కంపెనీ మిత్రరాజ్యమైన తిరువాన్కూరు మీద పడగానే గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ పొత్తులకు దిగాడు. పూనాలో చార్లెస్ మాలెట్ 1790 జూన్ 1న మరాఠా పీష్వాతో సంధి ముగించాడు. నిజాం దగ్గర ఆ పని జాన్ కెన్నవేకు పడింది.

ఇక్కడ బేరం తెగడానికి ఇంకో నెల పట్టింది. నిజాంకు టిప్పు గిట్టని మాట నిజమే గాని, అసలు బెంగ మరాఠాలది. చౌత్ (మరాఠాలు అడిగే, రాబడిలో నాలుగో వంతు) బాకీల పేచీ తరాలనాటిది. తన సేన మైసూరు వెళ్లాక పూనావారే ఇంటి మీదికి వస్తే దిక్కెవరు? అందుకే తన రాజ్యానికి కంపెనీ పూచీ పడాలని అడిగాడు. పూనా అలుగుతుందని కారన్‌వాలిస్ సంధిలో ఆ మాట రాయనివ్వలేదు. గెలిచిన సీమలు ముగ్గురూ సమంగా పంచుకోవాలి, యుద్ధం ముగిశాక టిప్పు ఎవరిమీదికి వచ్చినా తక్కిన ఇద్దరూ కలిసిరావాలి అని మాత్రం ఒప్పుకున్నారు. అదైనా ఏ షరతుల మీదన్నది తర్వాత చూద్దామని వదిలేశారు. నిజాం భయపడింది సరిగ్గా ఆ కాగితంలో లేని శత్రువుకే.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. కడప, గండికోట, కొప్పళ ప్రాంతాలు నిజాంకు వచ్చాయి. ముగ్గురి మధ్య పూచీ ఒప్పందం రాసుకుందామని కారన్‌వాలిస్ అప్పుడు కదిపాడు. నిజాం సరేనన్నాడు, పూనా తేల్చలేదు. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించినప్పుడు కొత్త గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు.

1798లో నిజాం, కంపెనీ సేనను తన ఖర్చుతో ఉంచుకునే సైన్య సహకార సంధికి తలొగ్గాడు. పదేళ్ల కిందట పాన్‌గల్‌లో అడిగిన పూచీ 1800 అక్టోబరు 12 నాటి సంధిలో దొరికింది. 1792లోనూ, టిప్పు మరణించాక 1799లోనూ వచ్చిన మైసూరు సీమలను బదులుగా కంపెనీ సేనల ఖర్చు కింద ఇచ్చేయాల్సి వచ్చింది. తెలుగువారు దత్త మండలాలన్నది వాటినే. తుంగభద్ర హద్దయింది. కర్నూలు నవాబు కప్పం కంపెనీకి మారింది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం కిందే ఉండిపోయాయి.