తోట నమూనా రైలుమార్గం
ఇంటి పెరట్లో చిన్న పట్టాలు పరచి, అసలు రైళ్లను ఒక నిష్పత్తిలో కుదించి చేసిన నమూనాలను వాటిపై నడిపే ఏర్పాటును తోట నమూనా రైలుమార్గం అంటారు. 1968లో జర్మనీకి చెందిన లేమాన్ సంస్థ తెచ్చిన ఎల్‌జీబీ రైళ్లతో బాగా ప్రచారం పొందిన 45 మిల్లీమీటర్ల గేజి, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం, 1:22.5 నిష్పత్తిలో మీటరుగేజికి సరిపోతుంది; కనుక బ్రాడ్‌గేజిగా మారకముందటి ముద్ఖేడ్–ఆదిలాబాద్ మార్గాన్ని దానిపై చక్కగా రూపొందించవచ్చు. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాలల మీదుగా సాగే కాజీపేట–బల్లార్షా మార్గపు 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిని అవే పట్టాలపై చూపాలంటే నమూనాలను సుమారు 1:37 నిష్పత్తిలో చేయవలసి ఉంటుంది.

ఉత్తర తెలంగాణలో అసలు పరీక్ష పునాది దగ్గరే ఎదురవుతుంది. ఆదిలాబాద్ ప్రాంతపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి పట్టాలను వంకర చేస్తుంది కాబట్టి, పైమట్టిని తవ్వితీసి మొరం దిమ్మిసా చేసి, దానిపై సన్న కంకర పరచడం మేలు. ఇత్తడి పట్టా పది మీటర్ల నిడివికి, 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 7.6 మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలపు వణుకూ వేసవి మంటా రెండూ తీవ్రంగా ఉండే ఈ సీమలో అతుకుల వద్ద ఖాళీలు వదలక తప్పదు. వానల్లో పట్టాలకు పట్టే చిలుము విద్యుత్ ప్రసారాన్ని అడ్డుకుంటుంది గనుక, బ్యాటరీని ఇంజిన్‌లోనే అమర్చి రేడియోతో నడిపే పద్ధతి ఇక్కడ ఎక్కువ అనువైనది.