నార్వేలో ఆరుబయటి జీవనం: బతుకుతెరువు నుంచి హక్కు దాకా

డిసెంబరు నెలలో ఓస్లో నగరానికి పగటి వెలుతురు సుమారు ఆరు గంటలే అందుతుంది. ఉత్తరాన ఉన్న ట్రోమ్సో పట్టణంలోనైతే నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యోదయమే ఉండదు. అటువంటి దేశంలో పిల్లలూ పెద్దలూ ఏడాది పొడవునా అడవుల్లో, కొండల్లో తిరగడం అలవాటుగా పెట్టుకున్నారు: చలికాలంలో మంచు మీద జారే పొడవాటి చెక్క పట్టీలైన స్కీల మీద, మిగిలిన కాలాల్లో కాలినడకన. ఈ అలవాటును నార్వేజియన్లు ‘ఫ్రీలుఫ్ట్స్‌లివ్’, అంటే ఆరుబయటి జీవనం, అని పిలుచుకుంటారు. నాటక రచయిత హెన్రిక్ ఇబ్సెన్ 1859లో రాసిన ఒక దీర్ఘ కవితలో ఈ మాట కనిపిస్తుంది. దీన్ని ఆ జాతికి పుట్టుకతో వచ్చిన గుణంగా చెప్పుకోవడం దేశంలోనూ బయటా పరిపాటి. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. పేద రైతుల, వేటగాళ్ల బతుకుతెరువుగా ఉన్న నైపుణ్యాన్ని పందొమ్మిదో శతాబ్దపు పట్టణ విద్యావంతులు జాతీయ చిహ్నంగా మలచుకోగా, ఇరవయ్యో శతాబ్దపు కార్మిక చట్టాలు, రైలు మార్గాలు, భూమిపై సంచరించే హక్కు కలిసి దానిని సామాన్యులకు అందించాయి.

నార్వే ఉత్తర తీరంలోని రోడోయ్ ద్వీపంలో ఒక రాతిమీద పొడవాటి స్కీలపై నిలబడిన మనిషి బొమ్మ చెక్కి ఉంది. అది కొన్ని వేల సంవత్సరాల నాటిది. 1994లో లిల్లెహామర్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్ నిర్వాహకులు తమ క్రీడల గుర్తులకు ఆ బొమ్మనే ఆధారం చేసుకున్నారు. పొరుగునున్న స్వీడన్‌లో కాల్వ్‌త్రెస్క్ అనే ఊరి దగ్గర బురదనేలలో దొరికిన స్కీల వయసు 5,000 సంవత్సరాలు దాటింది. ఆ రోజుల్లో స్కీ ఆటవస్తువు కాదు. నడుము లోతు మంచులో మనిషి కాలు కూరుకుపోకుండా, వేటకో పొరుగూరికో వెళ్లి రావడానికి అదే సాధనం.

ఆ సాధనం తయారీలో ప్రాంతానికో పద్ధతి ఉండేది. తూర్పు నార్వే లోయల్లో రెండు స్కీలూ సమానంగా ఉండేవి కావు. ఒకటి మూడు మీటర్ల దాకా పొడవుండి నున్నగా జారేది. రెండోది పొట్టిది, దాని అడుగున జంతువు తోలు వెంట్రుకలు వెనక్కి వాలేటట్లు బిగించేవారు. ముందుకు జరిపినప్పుడు ఆ వెంట్రుకలు అణిగి జారనిచ్చేవి, వెనక్కి తన్నినప్పుడు నిక్కపొడుచుకుని మంచును పట్టుకునేవి. మనిషి పొట్టి కాలితో తన్నుకుంటూ పొడవాటి కాలిమీద జారిపోయేవాడు. చేతిలో రెండు కర్రలు పట్టుకునే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర గాని వ్యాపించలేదు. అంతకుముందు చాలాచోట్ల ఒకే పొడవాటి కర్రతో పని నడిచేది. చెక్కకు తడి పట్టకుండా, మంచు అంటుకోకుండా పైన్ చెట్ల వేళ్ల నుంచి బట్టీలో కాల్చి తీసిన తారును వేడిచేసి స్కీ అడుగుభాగానికి పట్టించేవారు. మంచు స్వభావం రోజురోజుకీ, ఒక్కోసారి పూట పూటకీ మారుతుంది గనుక ఏ మంచుకు ఏ పూత పనిచేస్తుందో తెలియడం కూడా విద్యలో భాగమే అయింది.

రైతు కుటుంబానికి ప్రతి ఋతువూ ఆరుబయటికి లాగే పనినే తెచ్చేది. వేసవి రాగానే ఆవులనూ మేకలనూ కొండమీది పచ్చికకు తోలుకుపోయి, అక్కడ ‘సేటర్’ అనే చిన్న కొయ్య ఇళ్లలో ఉంటూ పాలు పితికి, వెన్నా జున్నూ తయారుచేసే బాధ్యత ఎక్కువగా స్త్రీలది. వేసవి చివర, శరత్తులో అడవిలో బ్లూబెర్రీలు, చిత్తడి నేలల్లో నారింజ రంగు ‘మూల్తె’ పళ్లు ఏరడం, ఆపైన వేట సాగేవి. చలికాలం ఇంట్లో ముడుచుకుని కూర్చునే కాలమని బయటివారు అనుకోవచ్చు గాని, బరువైన రవాణాకు అదే అనుకూలమైన కాలం. చెరువులూ చిత్తడి నేలలూ గడ్డకట్టి బాటలు కాగా, కొండల్లో కోసి కుప్పవేసిన ఎండుగడ్డినీ, నరికిన దుంగలనూ గుర్రాలు లాగే జారుడుబళ్లమీద దించేవారు. వసంతంలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచుపై గట్టి పెచ్చు ఏర్పడుతుంది. తెల్లవారుజామున దానిమీద స్కీలు వేగంగా సాగుతాయి, మధ్యాహ్నానికి అదే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది. ఇప్పటి విహారయాత్రికులు వేసవిలో నడిచే బాటల్లో అనేకం ఈ సేటర్లకు పశువులు ఏర్పరచిన దారులే.

ఈ కథలో సామీ ప్రజలకు దక్కవలసిన చోటు చాలాకాలం దక్కలేదు. స్కాండినేవియా ఉత్తర భాగంలో రెయిండీర్ మందలను కాచుకుంటూ ఋతువులతోపాటు తీరానికీ కొండలకూ మధ్య వలసతిరిగే ఈ ఆదివాసులు స్కీ విద్యలో ఎవరికీ తీసిపోరు. 1883లో గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిపైకి వెళ్లిన అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్ బృందంలోని ఇద్దరు సామీలు 57 గంటల్లో సుమారు 460 కిలోమీటర్లు స్కీలమీద తిరిగివచ్చామని చెబితే పండితులు నమ్మలేదు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి 1884 ఏప్రిల్‌లో స్వీడన్‌లోని యోక్‌మోక్ ప్రాంతంలో 220 కిలోమీటర్ల పందెం నిర్వహించారు. ఆ ఇద్దరిలో ఒకడైన పావా లార్స్ టూర్దా 21 గంటల 22 నిమిషాల్లో దాన్ని పూర్తిచేసి గెలిచాడు. 1888లో నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటి లోకప్రసిద్ధుడైనప్పుడు అతని వెంట ఉన్న ఐదుగురిలో శామ్యూల్ బాల్టో, ఊలే రావ్నా అనే ఇద్దరు సామీలు ఉన్నారు. జాతీయ గాథ మాత్రం నాన్సెన్ ఒక్కడి చుట్టూ అల్లుకుంది. ఒక ప్రజ తన తాతలనాటి విద్యతో చేసిన పనిని మరొక ప్రజ తన శౌర్యచిహ్నంగా చెప్పుకోవడం అన్యాయమే.

పేదల విద్య పెద్దల క్రీడగా మారిన వైనం టెలిమార్క్ ప్రాంతంలోని మోర్గెదాల్ గ్రామంలో స్పష్టంగా కనిపిస్తుంది. సొంత భూమి లేక కౌలుతో బతికే కుటుంబంలో 1825లో పుట్టిన సోంద్రె నూర్‌హైమ్, మెలిపెట్టిన చెట్టువేళ్లతో మడమ చుట్టూ కట్టు బిగించే పద్ధతిని అభివృద్ధి చేశాడు. అంతకుముందు బొటనవేలి దగ్గర ఒక్క పట్టీయే ఉండడంతో మలుపు తిప్పినా ఎగిరినా స్కీ కాలినుంచి ఊడిపోయేది. మడమ కట్టు వచ్చాక దూకడం, వంపులు తిరుగుతూ కొండ దిగడం సాధ్యమయ్యాయి. 1868లో, 42 ఏళ్ల వయసులో, అతడు నేటి ఓస్లో అయిన క్రిస్తియానియాలో జరిగిన పందెంలో పాల్గొని గెలవడంతో రాజధాని జనం ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత 1879లో హ్యూసెబీ కొండమీద, 1892 నుంచి హోల్మెన్‌కోలెన్ కొండమీద ఏటేటా పందేలు మొదలై వేలమంది ప్రేక్షకులను రప్పించాయి. నూర్‌హైమ్ మాత్రం పేదరికం వీడక, తన కాలపు వేలాది నార్వే రైతుల మాదిరిగానే 1884లో అమెరికాకు వలసపోయి, 1897లో డకోటా మైదానాల్లో కన్నుమూశాడు.

అదే 1868లో బ్యాంకరు థామస్ హెఫ్త్యే చొరవతో నార్వే పర్యాటక సంఘం ఏర్పడి, టెలిమార్క్‌లోని ర్యూకన్ జలపాతం దగ్గర తొలి విడిదిని సమకూర్చుకుంది. స్వీడన్ రాజు కింద ఉమ్మడి పాలనలో ఉన్న దేశానికి తనదంటూ ఒక గుర్తింపు కావలసిన కాలమది. సొంత రాజసభా వైభవం లేని నార్వే, తన కొండలనే గౌరవచిహ్నంగా ఎత్తిపట్టింది. 1905లో ఆ ఉమ్మడి బంధం తెగేనాటికి స్కీ జాతీయ క్రీడగా స్థిరపడింది. అయినా మొదట్లో విడిదుల్లో దిగినవారు అధికారులు, వర్తకులు, విద్యార్థులు, విదేశీ యాత్రికులే గాని, మిల్లుల్లో, కర్మాగారాల్లో పనిచేసేవారు కారు. కొండెక్కడానికి కాళ్లతోపాటు తీరికా కావాలి.

ఆ తీరిక చట్టం ద్వారా, కొండలకు దారి రైలు ద్వారా వచ్చాయి. 1898లో రాజధాని నుంచి హోల్మెన్‌కోలెన్ దాకా విద్యుత్ రైలు, 1909లో పర్వతాల మీదుగా ఓస్లో, బెర్గెన్‌లను కలిపే రైలు మార్గం ప్రారంభమయ్యాయి. ఆ రెండో మార్గంలో 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషనులో దిగినవారు నేరుగా మంచులోకే అడుగుపెడతారు. 1919లో ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమైంది. 1936 నాటి కార్మిక రక్షణ చట్టం తొమ్మిది రోజుల వేతన సెలవును, 1947 నాటి చట్టం మూడు వారాలను ఇచ్చాయి. ఈ నాలుగైదు తేదీలే నార్వే ఆరుబయటి చరిత్రకు వెన్నెముక. వీటి ముందు వీరగాథలన్నీ చిన్నవే. రైలు టికెట్టు కొనగల జీతం, ఆదివారంతోపాటు మరికొంత ఖాళీ సమయం చేతికి వచ్చాకే కార్మిక కుటుంబాలు ఈస్టర్ సెలవుల్లో పర్వతాలకు కదిలాయి.

జనం పెరిగేసరికి ప్రమాదాలూ పెరిగాయి. 1967 ఈస్టర్ రోజుల్లో పర్వతాల్లో 18 మంది చనిపోయిన తర్వాత రెడ్‌క్రాస్, పర్యాటక సంఘం కలిసి పర్వత నియమాలను విస్తృతంగా ప్రచారం చేశాయి. వెళ్లే దారి ఎవరికైనా చెప్పి బయలుదేరాలనీ, వాతావరణ సూచనలను లెక్కచేయాలనీ, సమయానికి వెనుదిరగడంలో సిగ్గుపడవలసింది లేదనీ అవి చెబుతాయి. బడి పిల్లలకు కూడా ఇవి కంఠస్థం. పర్యాటక సంఘానికి నేడు 500కు పైగా విడిదులు ఉన్నాయి. వాటిలో కాపలాదారు లేని వాటిని సభ్యులు ఒకే రకం తాళంచెవితో తెరుచుకుంటారు, అరల్లోని డబ్బా ఆహారం ఎంత వాడుకున్నారో తామే రాసి, సొమ్ము చెల్లిస్తారు. వేసవి బాటల వెంట రాళ్లకుప్పలపై ఎర్రరంగుతో వేసిన ‘T’ అక్షరం ఆకారపు గుర్తు ఆ విడిదులకు దారిచూపుతుంది.

ఇదంతా సాగడానికి మూలాధారం 1957 జూన్ 28న చేసిన ఆరుబయటి జీవన చట్టం. సాగులో లేని అడవిలో, కొండల్లో, తీరాన యజమాని ఎవరైనా సరే, ఎవరైనా నడవవచ్చు, స్కీ చేయవచ్చు, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేసుకోవచ్చు. అనాదిగా ఉన్న ఈ ఆచారాన్ని ఆ చట్టం అక్షరబద్ధం చేసింది. ఋతువుల మార్పు అందులో అక్షరాలా కనిపిస్తుంది. నేల గడ్డకట్టినప్పుడో మంచు కప్పినప్పుడో సాగుభూమిమీద కూడా దాటిపోవచ్చు గాని, ఏప్రిల్ 30 నుంచి అక్టోబరు 14 వరకు ఆ అనుమతి లేదు. పైరు రైతుది, మంచు అందరిదీ. అదేవిధంగా ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు అడవిలో నిప్పు రాజేయడం సాధారణంగా నిషిద్ధం.

నగరాలు పెరుగుతున్న కొద్దీ ఈ హక్కుకు ముప్పు ఇళ్ల స్థలాల రూపంలో వచ్చింది. హక్కు చట్టంలో ఉన్నా నడవడానికి అడవే మిగలకపోతే దానికి అర్థం ఉండదు. అందుకే ఓస్లో చుట్టూ ఉన్న ‘మార్కా’ అనే అడవికి పార్లమెంటు 2009లో ప్రత్యేక చట్టంతో సరిహద్దు గీసింది. నగరంలో ఇళ్లకు గిరాకీ ఎంత ఉన్నా ఆ గీత లోపల ఇళ్ల నిర్మాణం సాధారణంగా నిషిద్ధం.