టెలిగ్రాఫ్ బల్ల దగ్గర పుట్టిన చదువు

ఫ్రెడ్ కెల్లర్ చిన్న వయసులోనే బడి మానేసి వెస్టర్న్ యూనియన్‌లో టెలిగ్రాఫ్ పనికి కుదిరాడు. 1899లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చి, మళ్లీ చదువు పట్టి, హార్వర్డ్‌లో బి.ఎఫ్. స్కిన్నర్‌కు సహాధ్యాయి అయ్యాడు. ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి మనస్తత్వ శాస్త్రం చెప్పాడు. తంతి ఆఫీసులో సర్వీసంతా గడిపి, ఆ ఉద్యోగంలో ఉండగానే దూరవిద్యలో సైకాలజీ చదివిన నాకు ఆయన చరిత్రలో ముందుగా కంటబడింది ఆ టెలిగ్రాఫ్ పనే. సైకాలజీ తొలి పాఠాలను ఎవరి వేగంలో వాళ్లు చదువుకునే పద్ధతికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి మోర్స్ సంకేతాలు విని రాయగలిగేవాళ్లు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. వాళ్ల శిక్షణలో కెల్లర్ తెచ్చిన మార్పు చూడ్డానికి చిన్నది. సంకేతం వినిపించాక అక్షరం రాసుకోవడానికి కొద్ది క్షణాలిచ్చి, వెంటనే ఆ అక్షరం పేరు పైకి చెప్పించాడు. రాసింది తప్పో ఒప్పో అప్పటికప్పుడే తేలిపోతుంది. దీని విలువ మోర్స్ నేర్చినవాళ్లకు బాగా తెలుసు. గీత తర్వాత మూడు చుక్కలైతే బి, నాలుగైతే ఆరు అంకె. కాగితమంతా నింపి మర్నాడు దిద్దించుకుంటే ఆ తేడా చెవికి పట్టదు. మా శిక్షణలో పక్కన కూర్చున్న సీనియర్ మరో సంకేతం వచ్చేలోపే సరిచేసేవాడు. ఒక వేగం చేతికొచ్చేదాకా పై వేగం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇదే పద్ధతిని కాలేజీ చదువుకు తేవడానికి కెల్లర్‌కు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1961లో ఆయన పాఠాలు చెప్పడానికి బ్రెజిల్‌లోని సావో పావులో వెళ్లాడు. అక్కడ కరోలినా బోరి, రొడాల్ఫో అజీ అనే సైకాలజిస్టులు పరిచయమయ్యారు. కొత్త రాజధాని బ్రెజీలియాలో అప్పుడే తెరిచిన విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖను మొదటినుంచీ కట్టే అవకాశం వాళ్లకు దొరికింది. 1963 మార్చిలో కెల్లర్, ఆయన సహచరుడు గిల్మర్ షెర్మన్, బోరి, అజీ న్యూజెర్సీలోని కెల్లర్ ఇంట్లో కూర్చుని కోర్సు ఎలా ఉండాలో గీసుకున్నారు. 1964 ఆగస్టులో అది మొదలైంది. అప్పటికే దేశం సైనిక పాలన కిందికి పోయింది. మరుసటి ఏడాది ఆ విశ్వవిద్యాలయంలో రెండు వందల మందికి పైగా అధ్యాపకులు నిరసనగా ఒక్కసారే రాజీనామా చేశారు. ఇంత అందమైన ఆలోచన తాను పుట్టిన చోట ఏడాది పైచిలుకు మించి నిలవలేకపోయిందంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

కోర్సు అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో బతికింది. కెల్లర్ దాన్ని 1968లో 'గుడ్‌బై, టీచర్' అనే వ్యాసంలో వివరించాడు. పాఠ్యాన్ని ముప్ఫై యూనిట్లుగా విడగొట్టారు. చదవాల్సిన పుటలు, ఆలోచించాల్సిన ప్రశ్నలు కాగితం మీదే ఇచ్చారు. సిద్ధమయ్యానని విద్యార్థి అనుకున్నప్పుడే పరీక్ష. తప్పితే శిక్ష లేదు, మార్కుల కోత లేదు. మళ్లీ చదివి రావాలి, అంతే. యూనిట్ పూర్తిగా వచ్చేదాకా తర్వాతిది చేతికివ్వరు. ఉపన్యాసాలున్నా అవి ఉత్సాహం కోసమే, పరీక్షకు కాదు.

వీటన్నిటికన్నా నేను ముఖ్యమనుకునేది ప్రోక్టర్‌ను. అదే కోర్సు బాగా చదివి పాసైన విద్యార్థే ప్రోక్టర్. పరీక్ష రాసినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, జవాబు అక్కడికక్కడే దిద్ది, ఇలా ఎందుకు రాశావని అడుగుతాడు. రాసినవాడు తన జవాబును సమర్థించుకోవచ్చు. ఉదాహరణకు, నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్షే అనుకుని ముందుకెళ్లిపోయేవాళ్లు ఎంతమందో! ఒక పనిచేస్తే బాధ తొలగి, ఆ పని మళ్లీ చేయబుద్ధి కావడం అది. శిక్ష పనిని తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. బీకీ ఆరుకీ ఉన్నంత తేడా. ఎదుట మనిషి అడిగితేనే ఆ పొరపాటు బయటపడుతుంది.

మన దేశంలో దూరవిద్య వేరే దారిన వచ్చింది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు తెచ్చింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అందుకుంది. 1982లో జి. రాంరెడ్డి సారథ్యంలో హైదరాబాద్‌లో దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. 1991 నుంచి అది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. బడి మెట్లెక్కనివాళ్లనూ అర్హత పరీక్షతో డిగ్రీలోకి రానిచ్చిన ఆ సాహసానికి నేను చేతులెత్తి మొక్కుతాను. పొద్దంతా పనిచేసుకునేవాళ్ల చేతికి పుస్తకం అలాగే అందింది.

కానీ ఎవరి వేగం వాళ్లది అన్న సౌకర్యం ఒక్కటే మనకు మిగిలింది, ఎదుట కూర్చునే మనిషి మిగల్లేదు. నేను చదివిన చోట అసైన్‌మెంట్ తిరిగొచ్చేసరికి పరీక్షలు దగ్గరపడేవి. అమెరికాలోనూ అంతే. కెల్లర్ పద్ధతిలో చదివినవాళ్లే ఎక్కువ నేర్చుకుంటున్నారని 1979లో కులిక్, ఆయన సహచరులు డెబ్బై అయిదు అధ్యయనాలను కలిపి తేల్చారు. అయినా 1980ల్లో ఆ కోర్సులు సన్నగిల్లాయి. వాటిని నడపడం శ్రమతో కూడిన పని. రేపు చదువుదామని వాయిదా వేసేవాళ్లూ ఎక్కువే. ఆ దశకంలోనే కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ పియర్ ప్రోక్టర్‌ను కంప్యూటర్ ద్వారా తిరిగి తెచ్చాడు. యూనిట్ పాసైన విద్యార్థే తోటివాడి జవాబును చదివి అభిప్రాయం పంపుతాడు.

మన స్టడీ సెంటర్లలోనూ నిరుడు పాసైనవాళ్లను ఆదివారం క్లాసుల రోజున కూర్చోబెట్టాలని కనిపించిన ప్రతి కౌన్సిలర్‌నూ అడుగుతున్నాను. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. మొదటి యూనిట్ చదివొచ్చిన పిల్లవాణ్ణి ఎదుట కూర్చోబెట్టి, పావ్లోవ్ కుక్కకూ స్కిన్నర్ ఎలుకకూ తేడా చెప్పమంటే చాలు, ఎక్కడ ఆగాడో తెలిసిపోతుంది.